అత్తయ్య చెప్పులు విడిచిన చోటు

పంజాగుట్టలో ఫ్లైఓవర్ కడుతున్న రోజులవి. అమీర్‌పేటలో ఆటో ఎక్కితే పంజాగుట్ట చౌరస్తా దాటేలోపు ఒక కునుకు తీసి లేవచ్చు. ఆ జామ్‌లో మా ఆటో ఎప్పుడూ సరిగ్గా శ్మశానం గేటుకి ఎదురుగానే ఆగేది, అదేం ఖర్మో. ఆగగానే మా అత్తయ్య కొంగు భుజం చుట్టూ లాక్కుని, మొహం అవతలికి తిప్పి, రోడ్డుకి ఆ పక్కనున్న చీరల షాపు బోర్డు చదువుతున్నట్టు కూర్చునేవారు.

మా మామయ్యగారి దహనం జరిగింది అక్కడే. ఈ ఫ్లైఓవర్ రోజులకి మూడేళ్ల ముందు దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో పోయారు. సాయంత్రానికల్లా మా అపార్ట్‌మెంటు కింద నుంచి తీసుకెళ్లిపోయారు. మగవాళ్లు వెళ్లారు, ఆడవాళ్లం అపార్ట్‌మెంటు గేటు దగ్గరే ఆగిపోయాం. మావైపు అదే పద్ధతి. తర్వాతెప్పుడో అత్తయ్య మా ఆయన్ని అడిగారు, నాన్నని లోపల ఎక్కడ పెట్టారు, తల ఎటు పెట్టారు అని. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అంటూ ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఆవిడ మళ్లీ అడగలేదు. నలభై ఏళ్లు పక్కన బతికిన మనిషిని చివరికి ఎక్కడ దించారో తెలియక ఆవిడకి నెమ్మది లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేవాళ్లం.

అప్పట్లో అమీర్‌పేటలో కరెంటు స్తంభానిక్కూడా ఏదో ఒక కోర్సు బ్యానరు వేలాడుతూ ఉండేది. అలాంటి బ్యానరొకటి చూసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని, పంజాగుట్టలో ఉద్యోగం సంపాదించినదాన్ని నేను. మా అపార్ట్‌మెంటులో తలుపు తలుపుకీ ఒకరు అమెరికా విమానం ఎక్కుతుంటే, మా కంపెనీ నన్ను అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌కి మూడు నెలలు వెళ్లమంది. అక్కడి బ్యాంకు ఒకటి మా క్లయింటు. ఎదురింటావిడ నా మొహం చూసి, "దక్షిణమైతేనేం, అదీ అమెరికాయేగా" అని ఓదార్చింది. మా పాపకి ఏడాదిన్నర. మా ఆయనకి సెలవు దొరకదు. నేను వెళ్లనని చెప్పేద్దామనుకుంటుంటే, వంటింట్లోంచి అత్తయ్య, "నేనొస్తాలే, పిల్లని చూసుకుంటాను" అన్నారు. కందిపొడి, ఆవకాయ, ఒక చిన్న కుక్కర్ పెట్టెలో సర్దుకుని ముగ్గురం బయల్దేరాం.

ఇక్కడ ఎండలు ముదిరి వానలు మొదలయ్యే కాలంలో అక్కడ చలికాలం. అత్తయ్య చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా, కాళ్లకి మేజోళ్లు, వాటి మీద హవాయి చెప్పులు వేసుకుని బ్యూనస్ ఐరిస్ అంతా తిరిగారు. మా ఆఫీసులో పనిచేసే అక్కడి అమ్మాయి ఊరి మ్యాపు మీద చూడవలసిన పాత కట్టడాలన్నిటికీ గుర్తులు పెట్టి ఇచ్చింది. శని, ఆదివారాలు మాకు అదే పని. నాకు ఫొటోల పిచ్చి. ఇంత దూరం వచ్చాక ఒక్క గుమ్మటం కూడా వదలకూడదని నా పట్టుదల.

అత్తయ్యకి ఏ కట్టడమూ ఒక పట్టాన నచ్చలేదు. రాష్ట్రపతి కూర్చునే భవనానికి గులాబీ రంగు వేశారేంటి, కల్యాణ మండపంలాగా అన్నారు. ఊరి నడుమ పెద్ద రోడ్డులో నిలబెట్టిన ఎత్తయిన రాతి స్తంభాన్ని తలెత్తి చూసి, "ధ్వజస్తంభం ఉంది సరే, గుడేదమ్మా?" అన్నారు. నేను నవ్వుతూ ఫొటో తీశాను.

ఆ గులాబీ భవనం ముందున్న మైదానంలో మాత్రం ఆవిడ వంకలు పెట్టలేదు. నేల మీద తెల్లటి తలగుడ్డల బొమ్మలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒకప్పుడు సైనిక ప్రభుత్వం పట్టుకుపోయిన పిల్లల కోసం తల్లులు తలకి తెల్లగుడ్డ కట్టుకుని అక్కడ తిరిగేవారని, ఇప్పటికీ తిరుగుతున్నారని మ్యాపు ఇచ్చిన అమ్మాయి చెప్పింది. ఆ సంగతి అత్తయ్యకి చెప్పాను. "పిల్లల్ని ఎక్కడ పెట్టారో ఇప్పటికీ చెప్పలేదా?" అని అడిగారు. చాలామందికి చెప్పలేదన్నాను. ఆవిడ ఒక్క గుడ్డ బొమ్మ మీదా అడుగు పడకుండా పక్కనుంచి చుట్టూ నడిచి వచ్చారు.

మరుసటి ఆదివారం మ్యాపులో తర్వాతి గుర్తు రికొలేటా. అది పేట పేరు, అందులో ఏముందో నేను కనుక్కోలేదు. తెల్లటి పాత చర్చి, దాని పక్కనే పెద్ద పెద్ద స్తంభాల గేటు. గేటులోంచి చూస్తే వీధులు వీధులుగా రాతి గదులు, మెట్లు, గుమ్మటాలు, రెక్కలున్న దేవతల బొమ్మలు. అత్తయ్య మొహం వికసించింది. గుళ్లన్నీ ఇక్కడ కట్టుకున్నారన్నమాట అంటూ గేటు దగ్గర చెప్పులు విడిచేశారు. కాపలా ఆయన స్పానిష్‌లో ఏదో అన్నాడు. ఆవిడ ఆయనకీ ఓ నమస్కారం పెట్టి లోపలికి నడిచారు. పాపం ఆయన ఆ చెప్పులు తీసి తన కుర్చీ కింద పెట్టుకున్నాడు.

మేజోళ్ల కాళ్లతో ఒక్కో గుమ్మం ముందూ ఆగి, దణ్ణం పెట్టి, పాప చేత కూడా పెట్టిస్తూ వెళ్లారు. నాలుగైదు గదులు దాటాక నేను ఒక అద్దం తలుపులోంచి లోపల ఫొటో తీద్దామని వంగాను. లేసు గుడ్డ కప్పిన శవపేటిక. దాని మీద ఫొటో, పక్కన వాడిన పూలు. చంటిపిల్లని ఎత్తుకుని శ్మశానంలో తిరుగుతున్నాం, అదీ దేవుళ్లకి మొక్కుకుంటూ. పాపని లాక్కుని, "అత్తయ్యా, ఇవి సమాధులు, వెళ్లిపోదాం పదండి" అన్నాను.

ఆవిడ కదల్లేదు. పక్క గది ముందు ఆవిడ ఈడు మనిషే ఒకావిడ తాళం తీసి, అద్దం తుడిచి, పూలకుండీలో నీళ్లు మార్చి, లోపల చిన్న కుర్చీ వేసుకుని కూర్చుంది. కూర్చుని మెల్లగా మాట్లాడుతోంది, ఇంటి కబుర్లు చెప్పినట్టు. మమ్మల్ని చూసి, లోపలున్న ఫొటో చూపించి, తన వేలి ఉంగరం చూపించింది. అత్తయ్య తలూపారు. వెళ్లి ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. అక్కడ భాష అక్కర్లేకపోయింది.

"ఆడవాళ్లు లోపలికి రావచ్చన్నమాట" అన్నారు కాసేపటికి. నాతో అన్న మాట కాదది.

అలాగని ఆచారం వదిలారా అంటే లేదు. ఇంటికి రాగానే ఆ చలిలో ముగ్గురికీ తలస్నానాలు. పాపకి వారం రోజులు ముక్కు కారింది. చచ్చినోళ్ల ఊరు మనకెందుకని నేను విసుక్కున్నాను. అయినా వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్దామంటే ఆవిడ అక్కడికే అన్నారు, ఆ తర్వాతి ఆదివారమూ అక్కడికే. పేరుమోసిన ఒపెరా హౌస్ నేను బస్సు కిటికీలోంచి చూడటమే అయింది. ప్రతిసారీ చెప్పులు కాపలా ఆయన కుర్చీ కింద, ఇంటికి రాగానే తలస్నానం. నా ఆల్బంలో సగం సమాధులే.

హైదరాబాద్ తిరిగొచ్చిన రెండో వారం పంజాగుట్టలో పాపకి బట్టలు కొనాలని అమీర్‌పేటలో ఆటో ఎక్కాం. జామ్‌లో మామూలు చోటే ఆగాం. ఈసారి అత్తయ్య మొహం తిప్పుకోలేదు.

"ఇక్కడ దింపు నాయనా" అన్నారు.

ఆటో అతను వెనక్కి తిరిగి, "అమ్మా, గిది శ్మశానం. బట్టల దుకాణాలు ముంగట ఉంటయి" అన్నాడు. తెలుసని ఆవిడ దిగిపోయారు. అతను నావైపు ఓ క్షణం చూసి, "సరే, పోయి రండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, నేనీడనే ఉంట" అని ఆటో పక్కకి పెట్టాడు.

గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. నేను పాపని ఎత్తుకుని వెనకే వెళ్లాను. చితి పేర్చే సిమెంటు దిమ్మెలు ఒకేలా వరసగా ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కదాన్నీ చూసి నావైపు తిరిగారు. నేను మా ఆయనకి ఫోన్ చేసి ఎక్కడున్నామో చెప్పి, అత్తయ్య చేతికిచ్చాను. తర్వాత ఆయన చెబుతుంటే ఆవిడ నడిచారు. ఎడమవైపు, గోడ పక్కన, రెండోది. తల గోడ వైపు. ఆయన ఏడుస్తున్నారని ఫోన్‌లోంచి నాక్కూడా వినిపించింది.

ఆవిడ వంగి, గోడవైపు అంచు మీద అరచెయ్యి ఆనించారు. ఎవరి పూలో నాలుగు బంతి రెక్కలు ఉంటే తుడిచి పక్కకి పెట్టారు. "ఇంత దగ్గర్లో ఉన్నారా" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికి రాగానే అలవాటు ప్రకారం గీజరు వేసి, పాపకి బట్టలు విప్పుతూ అత్తయ్యని కేకేశాను. పలకలేదు. వెళ్లి చూస్తే వంటింట్లో బియ్యం కడుగుతున్నారు.

"స్నానం చెయ్యరా అత్తయ్యా?"

"వాళ్లంటే పరాయివాళ్లమ్మా. మీ మామయ్యగారి దగ్గరికి వెళ్లొచ్చి కూడా తలకి పోసుకుంటానా?" అని కుక్కర్ పొయ్యి మీద పెట్టారు. నేను వెళ్లి గీజరు ఆపేశాను.