ఎర్ర పెన్సిల్, మూడు వందల లింకులు

హైటెక్ సిటీలోని మా ఆఫీసులో నిన్న మధ్యాహ్నం, కొత్తగా చేరిన సుమతి టిఫిన్ డబ్బా మూత తీసింది. ఉప్పూ కారం చల్లిన జామకాయ ముక్కల వాసన గుప్పుమంది. చేస్తున్న పని ఆపేశాను. అనసూయక్క గుర్తొచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఇక్కడ అద్దాల మేడలకంటే బండరాళ్లే ఎక్కువున్న రోజుల్లో, అనసూయక్క కొత్తగూడలో తన ఇంటి ముందుగదిలో మూడు కంప్యూటర్లు పెట్టి వెబ్‌సైట్లు తయారుచేసేది. అనంతపురం నుంచి వచ్చిన నాకు అదే మొదటి ఉద్యోగం. పెరట్లో కాసిన జామకాయలు కోసి పెడుతూ మా తప్పులు పట్టుకునేది. తిట్టేటప్పుడు కూడా ప్లేటు ముందుకు జరిపేది. తినాలో ఏడవాలో తెలిసేది కాదు.

బోరబండలో కృత్రిమ కాళ్లు తయారుచేసే నర్సింగరావు గారికి నేనొక సైటు చేశాను. ఏ జిల్లాలోనో కాలు పోగొట్టుకున్న మనిషి ఇంటర్నెట్‌లో వెతికితే ఆయన చిరునామా దొరకాలి. అదీ పని. నాకు తొందరెక్కువ. వేరే సైట్లలో మన సైటుకు లింకు ఉంటే వెతికినప్పుడు పైకి వస్తుందని ఎక్కడో విన్నాను. ఎవరు పడితే వాళ్లు లింకు పెట్టిపోయే పేజీలు అప్పట్లో కుప్పలుగా ఉండేవి. అక్కకు చెప్పకుండా దాదాపు మూడు వందల చోట్ల పెట్టాను. కొన్ని డబ్బిచ్చి పెట్టించాను. ఇలాంటి దొంగ లింకుల్ని పసిగడితే సెర్చ్ ఇంజిన్ ఆ సైటునే పక్కన పెట్టేస్తుందని నాకు తెలియదు. నెల తిరిగేసరికి, ఎంత వెతికినా ఆ సైటు కనబడకుండా పోయింది.

నర్సింగరావు గారు ఫోన్ చేశారు. "ఏందమ్మా, మన సైటు కనబడ్తలేదట?" ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది.

"మనమంటే పడనివాళ్లెవరో చెత్త లింకులు పెట్టారక్కా," అన్నాను, అనసూయక్క అడిగితే. పూర్తిగా అబద్ధం కాదు. జూదం సైట్ల నుంచి వచ్చినవి కొన్ని నిజంగానే నేను పెట్టినవి కావు.

అక్క లింకుల జాబితా అంతా ప్రింటు తీసి, నా చేతికి ఎర్ర పెన్సిల్ ఇచ్చింది. "నువ్వు పెట్టినవాటికి గీత కొట్టు. జర నిజంగ కొట్టు."

కొడుతూ పోయాను. చివరికి గీత పడనివి పదకొండు మిగిలాయి. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను.

అక్క ఆ పదకొండూ చూసింది. "ఎవడో ఊరి గోడ మీద మన పేరు రాసిపోతే మనమేం జేస్తం? గంత మాత్రానికే సైటు మునిగిపోతదంటే, ఇగ ఎవడైనా ఎవణ్నైనా ముంచొచ్చు. అట్ల ఉండదనుకుంట. వాటి ఫికర్ వద్దు. మనం పెట్టినవి మాత్రం మనమే తీపియ్యాలె."

"అన్నీనా అక్కా?"

"అన్నీ. ముందు తిను," అంటూ ప్లేటు జరిపింది.

ఒక్కొక్కరికీ తీసేయమని మెయిల్ రాశాను. సగం మంది పలకలేదు. అక్క ఊరుకోకుండా, నన్ను నర్సింగరావు గారితో ఒక దవాఖానకు పంపింది. ఆయన చేసిన కాళ్లతో నడుస్తున్నవాళ్లను రోజూ చూసే డాక్టరు, అడగ్గానే తమ సైటులో ఆయన లింకు పెట్టించారు. రెండు నెలలకు మా సైటు మళ్లీ కనబడింది. లింకులు తీయించినందుకో, ఆ ఒక్క లింకు వచ్చినందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆ సైటు చూసి నిజామాబాద్ నుంచి ఒకాయన బోరబండ వెతుక్కుంటూ వచ్చాడని తెలిసిన రోజు మాత్రం, అక్క ముందే ఏడ్చేశాను.

నిన్న మూత పెట్టని ఆ డబ్బాతోనే సుమతి నా దగ్గరకొచ్చి, దాన్ని నా బల్ల మీద పెట్టింది. "మేడమ్, మన క్లయింటు సైటుకు ఎవరో చెత్త లింకులు పెట్టారు. ర్యాంకు పడిపోయింది."

లింకుల జాబితా ప్రింటు తెప్పించి, సొరుగులోంచి ఎర్ర పెన్సిల్ తీసిచ్చాను. "మనం పెట్టినవాటికి గీత కొట్టు."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. జామకాయల డబ్బా ఆమె ముందుకు జరిపాను.

"ముందు తిను," అన్నాను.