పాత ఆటో బ్యాటరీతో దేవుడు నిలబెట్టిన ఊపిరి

కరెంట్ పోతే మీ ఇండ్లల్ల ఏం చేస్తరు సహోదరులారా? జెర సేపు వాకిట్ల కూసుంటరు, పక్కింటోళ్లతోని ముచ్చట పెడతరు, దోమలను తిట్టుకుంటరు. మా ఇంట్ల కరెంట్ పోతే మా ఆయనకు ఊపిరే పోతుండె.

నా పేరు సుగుణమ్మ, పోతిరెడ్డిపల్లిల కిరాయికి ఉంటం, రుద్రారం దిక్కున్న కంపెనీల పని చేస్త. మా ఆయన దేవదానం మీకందరికి ఎరుకనే, ఈ చర్చి గోడలకు ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రి ఆయననే. బతుకంత సిమెంట్ దుమ్ముల పని చేసిండు, రెండేండ్ల కింద దగ్గు పట్టుకుంది, మామూలు దమ్మే అనుకొని కషాయాలు తాగిపిచ్చిన, తగ్గలే, పెద్ద దవాఖానకు తీస్కపోతే ఊపిరితిత్తులు గట్టిపడ్డయమ్మా, ఇగ ఎప్పటికి ఆక్సిజన్ మీదనే ఉండాలె అన్నరు. మా తమ్ముడు మిషన్ తెచ్చిచ్చిండు, గోడకున్న ప్లగ్గుల పెడితే గాలిలకెళ్లి ఆక్సిజన్ తీసి ముక్కు పైపుకు పంపుతది. కరెంట్ ఉన్నంత సేపు మంచిగనే. పోయిందంటే చాలు, ఆయన పెదవులు నల్లవడుతుండె, నోట్లకెళ్లి మాట రాకపోతుండె, నా దిక్కే చూస్తుండె, ఆ చూపు పగోళ్లకు కూడా వద్దు. పక్కన ఒక చిన్న సిలిండర్ పెట్టుకున్నం గని, నేను డ్యూటీల ఉంటే దాన్ని తిప్పుకునే సత్తువ కూడా ఆయనకు లేకుండె.

అప్పుడు నా ప్రార్థన ఒక్కటే. తండ్రీ, నిన్ను ఇంకేం అడగ, మా గల్లీల కరెంట్ పోకుండ చూడు, పొద్దుగాల అదే, పొద్దుగూకినంక అదే. ఎండకాలం గాలిదుమ్ములు లేసే సంగారెడ్డిల కరెంట్ పోవద్దని మొక్కిన నన్ను చూసి పరలోకంల దూతలు నవ్వుకున్నరేమో.

నా పని సంగతి జెర చెప్పనియ్యుండ్రి. కరెంట్ ఆటోలు, స్కూటర్లు, బస్సులు, వాటి పాత బ్యాటరీలు లారీలల్ల మా కంపెనీకి వస్తయి. ముందుగాల వాటిల మిగిలిన కరెంట్ మొత్తం దించుతరు, లేకపోతే విప్పేటప్పుడు అంటుకుంటయి. అటెన్క పెట్టె విప్పితే లోపల ఇటుకల లెక్క సెల్లులు వరుసగ ఉంటయి, ఒక్కొక్కటి మా టేబుల్ మీదికి వస్తది, ఛార్జి ఎక్కిచ్చి దించి, వేడైతుందా, ఉబ్బుతుందా అని చూసుడే నా పని. పాడైనయి మరలో పడి నల్లటి పొడి అయితయి, ఆ పొడిలకెళ్లి లోహాలు తీసి మళ్ల కొత్త బ్యాటరీలు చేసేటోళ్లకే పంపుతరు. మంచియి వేరే తీసిపెడతం, వాటికి బండిని గుంజే బలం తగ్గింది గని ఇంట్ల లైట్లు, ఫ్యాన్లు నడిపే బలం మస్తుంది. బయట పడేస్తే భూమిని, నీళ్లను ఖరాబ్ చేసే సరుకు నుంచి ఇంత మేలు తీసుడు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటైతది. ఆ ఇంజినీర్లు, ఆ బిహార్ భాయిలు, చెమటలు కారుకుంట కూడ నవ్వుకుంట పనిచేసే నా తోటి ఆడోళ్లు, వాళ్ల చేతులకు దేవుడు ఎంత తెలివి ఇచ్చిండో.

మా లైనును చూసుకునే నర్సింలన్నది రుద్రారమే, వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. ఒకనాడు పగటీలి వాన మొగులు పట్టింది, నా చేతులు ఆగిపోయినయి, షట్టర్ బయటికే చూస్తున్న. ఏందక్కా, మొగులైనప్పుడల్ల గిట్లనే నిలబడుతున్నవు, ఇంటికాడ వడ్లు ఎండవోసినవా ఏంది అని పరాచికమాడిండు. నాకు దుఃఖం ఆగలే, ఉన్నదంత చెప్పిన. అప్పటికే మా దగ్గర ఆటో సెల్లులతోని ఇంటికి పనికొచ్చే పెట్టెలు తయారుచేస్తున్నరు, కొన్ని ఇండ్లల్ల పెట్టి చూద్దామనుకుంటున్నరు. నర్సింలన్న పెద్ద సార్ దగ్గరికి పోయి, మొదటిది మా సుగుణక్క ఇంట్లనే పెట్టాలె అని కొట్లాడిండంట. నాకోసం ఎవ్వరు కొట్లాడిన్రు చెప్పుండ్రి, నా తోడవుట్టినోడు తప్ప.

ఆ పెట్టెను కంపెనీల దినాల తరబడి నడిపిచ్చి, మీద చెయ్యిపెట్టి వేడి చూసి, అప్పుడు తెచ్చి మా ఇంట్ల మిషన్‌కు బిగిచ్చిన్రు, కరెంట్ పోతే మిషన్ దానంతట అదే పెట్టె మీద నడుస్తది. తెచ్చేటప్పుడు దానికి పసుపు కుంకుమ పెట్టి తెచ్చిండు నర్సింలన్న. బొట్టు తుడిచినవా సుగుణమ్మా అని మీలనే కొందరు అడిగిన్రు. తుడ్వలే అక్కా. మా ఆయన బతకాలని ఆ మనిషి ఆయనకు తెలిసిన తీరుగ మొక్కి తెచ్చిండు, నేను నాకు తెలిసిన తీరుగ దాని మీద చెయ్యిపెట్టి యేసయ్యను అడిగిన. ఆయన మా ఇద్దరి మనసు చూసిండని నా నమ్మకం.

మొన్న ఎండకాలం గాలిదుమ్ము మీకు యాదికి ఉంటది. నేను డ్యూటీల ఉన్న, రేకులు లేసిపోయినయి, కరెంట్ పోయింది, ఫోన్ కలుస్తలేదు, ఆ పెట్టె ఎంతసేపు ఆగుతదో తెల్వదు. దొరికిన బస్సు ఎక్కితే నడిమిట్ల చెట్టు కూలి రోడ్డు బంద్ అయింది. దిగి వానల నడిచిన సహోదరులారా, నడుసుకుంటనే నా ప్రార్థన మారింది. ప్రభువా, ఇగ నిన్ను కరెంట్ అడుగుతలే, ఆయన ఊపిరి నీ చేతుల పెడుతున్న, నువ్వు పట్టుకో తండ్రీ, నా చేతులు అందుతలేవు అన్న. మా గల్లీకి వచ్చేసరికి ఒక్క ఇంట్ల కూడ లైటు లేదు. తలుపు తీయాలంటే భయమైంది. తీసిన. మిషన్ నడుస్తనే ఉంది, పైపు ముక్కుకే ఉంది, మా ఆయన మంచం మీద కూసొని, గంత తడిసినవేంది, జల్దీ అన్నం వండు, ఆకలైతుంది అన్నడు.

గడపల్నే కూలవడి ఏడ్చిన. మేము తిన్నంక చానసేపటికి కరెంట్ వచ్చింది. కరెంట్ పోవద్దని అడిగిన నా మాట దేవుడు వినలే, పోనిచ్చిండు, గని అది పోయినా ఊపిరి పోనియ్యలే, నా గుండెలున్న భయాన్ని మాత్రం తీసేసిండు. దేవునికే మహిమ కలుగును గాక. మీ ఇండ్లల్ల గిట్లాంటి భయం ఉంటే లోపల పెట్టుకోకుండ్రి, యేసయ్యకు చెప్పుండ్రి, పక్కన పనిచేసే మనిషికి కూడ చెప్పుండ్రి, దేవుడు ఎవరి చేతుల నుంచి జవాబిస్తడో మనకు తెల్వదు.

ఇంకొక్క మాట చెప్పి కూసుంట. గోడకున్న ప్లగ్గు విడిచిపెట్టి మా ఆయన ఇల్లు దాటక ఏడాది అయింది. ఇయ్యాల నర్సింలన్న పెట్టెను, మిషన్ను, మనిషిని ట్రాలీ ఆటోల ఎక్కిచ్చుకొని ఇక్కడికి తెచ్చిండు. వెనుక తలుపు కాడ, చెప్పులు విడిచే జాగల ఇద్దరు కూసున్నరు. ఇందాకటి నుంచి మీకు ఇనవస్తున్న ఆ చిన్న చప్పుడు ఫ్యానుది కాదు, ఆ మిషన్‌ది. ఒకసారి వెనుకకు తిరిగి మా ఆయనకు వందనాలు చెప్పుండ్రి.