రేకుల మాస్టారు విడిచిన నలికిరులు

భుజాన గోనెసంచి, అందులో పది పన్నెండు ఇనప రేకు ముక్కలు, చేతిలో కొస వంచిన కర్ర. ఈ వేషంలో ఖాళీ స్థలాల్లో తిరిగే మనిషిని చూసి పాత సామాన్లు కొనేవాడనుకోవడంలో తప్పేమీ లేదు. ఒకావిడ మేడ మీంచి రెండుసార్లు కేకేసి, విరిగిన కుర్చీ ఉంది తీసుకుపొమ్మంది. మొదటిసారి ఆయన తన ఉద్యోగం గురించి ఓపిగ్గా చెప్పి చూశాడు. రెండోసారి నోరు మూసుకుని కుర్చీ తెచ్చుకున్నాడు. కాలు బాగుచేయించి ఇప్పటికీ దాని మీదే కూర్చుంటున్నాడు.

అందరూ ఆయన్ని రేకుల మాస్టారు అంటారు. నిజానికి మాస్టారు కూడా కాదు. కాలేజీలో జంతుశాస్త్రం ప్రయోగశాలలో సహాయకుడిగా ఉండేవాడు. సీసాల్లోని పాములకూ తేళ్లకూ మందునీళ్లు మార్చడం, పిల్లలకు కప్పను కోయడం చూపించడం ఆయన పని. కాలేజీలో కప్పల్ని కోయడం మానేశాక కప్పలతో పాటు ఆయనకూ సెలవిచ్చేశారు. అప్పటి విద్యార్థి ఒకడు పెద్దవాడై సర్వే ఆఫీసు పెట్టుకుని కబురు పంపాడు. "చచ్చినవాటితో చాలా ఏళ్లు గడిపారు మాస్టారూ, ఇక బతికున్నవాటి దగ్గరికి రండి" అన్నాడు. అది పదకొండేళ్ల కిందటి మాట.

ఎవరైనా ఆరిళ్లో ఎనిమిదిళ్లో కట్టదలిస్తే, పునాది తవ్వేముందు ఆ నేల మీద ఏమేం బతుకుతున్నాయో రాసి పట్టణ కార్యాలయానికి ఇవ్వాలి. పెద్ద ప్రాజెక్టులకు పెద్ద బృందాలు దిగుతాయి. చిన్నవాటికి రేకుల మాస్టారు దిగుతాడు. చెట్లు, పిట్టలు అన్నీ రాస్తాడు గానీ, ఆయన ప్రాణమంతా నలికిరుల మీదే. నలికళ్ల పాము అంటారే, అదే. పేరులో పాము ఉందన్న పాపానికి చెప్పుదెబ్బలు తినే జీవి. నిజానికి బల్లికి చుట్టం. పొట్టి కాళ్లు, నూనె రాసినట్టు మెరిసే ఒళ్లు. ఎవరినీ ఏమీ అనదు.

గడ్డిలో దాన్ని వెతికితే దొరకదు. దానంతట అదే రావాలి. అందుకని జానెడున్నర వెడల్పు రేకులు నలభై, నంబర్లు వేసి స్థలమంతా పరిచి పది రోజులు వదిలేస్తారు. పొద్దున ఎండకు రేకు వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం కోసం నలికిరులు కిందికి చేరతాయి. రేకు కాలకముందే వెళ్లి ఒక్కొక్కటే ఎత్తి చూడాలి. ఎత్తడం కర్రతో, అదీ అవతలి అంచు పట్టి. కింద నిజంగానే పాముంటే అటే పోతుంది. చూశాక రేకును పసిబిడ్డను పడుకోబెట్టినంత నెమ్మదిగా దించాలి. అలా ఏడు ఉదయాలు. ఏదైనా ఒక ఉదయం ఇరవైకి మించి కనిపించాయంటే అది కాపాడవలసిన చోటు, ఇళ్లు ఇంకెక్కడైనా కట్టుకోవాలి. ఇరవై లోపైతే పట్టుకుని వేరేచోట విడిచేసి పని మొదలుపెట్టుకోవచ్చు.

పదకొండేళ్లలో ఇరవై దాటిన చోటు ఆయనకు ఒక్కటీ తగల్లేదు. తొమ్మిది స్థలాల్లో పట్టాడు. ఒక్కోచోట వారాల తరబడి పట్టగా మొత్తం నాలుగు వందల పన్నెండు. ప్రతిదానికీ గొంతు కింద ఫోటో తీశాడు. అక్కడి నల్లచుక్కలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకలా ఉండవు. తడిగడ్డి వేసిన బకెట్లలో పెట్టి అన్నిటినీ ఒకేచోటికి చేర్చాడు. ఊరి చివర పాడుబడ్డ ఇటుకల బట్టీ వెనక రెండెకరాల రాళ్లదిబ్బ అది. దాని యజమాని ఒక ముసలావిడ. "పాములు కాదుగా?" అని మూడుసార్లు అడిగి సంతకం పెట్టింది.

రాత్రి అన్నం తినేటప్పుడు, "మనకి నాలుగొందల మంది సంతానం" అనేవాడు భార్యతో.

"ఒక్కదాన్ని కనడానికే నా ప్రాణం పోయి వచ్చింది, మిగతావి మీరే కన్నారు లెండి" అనేదావిడ.

ఈ ఏడాది ఆ ముసలావిడ పోయింది. వారసులు దిబ్బను అమ్మేశారు. కొన్నవాడు ఎనిమిదిళ్లు కడతానని సర్వే ఆఫీసుకు వచ్చాడు. మాస్టారు కాగితంలో స్థలం పేరు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

కానీ ఆయన భయపడలేదు. లోలోపల ఎగిరి గంతేశాడంటే కూడా అబద్ధం కాదు. నాలుగు వందల పన్నెండు ఉన్నచోట ఒక ఉదయం ఇరవై కనిపించడం ఎంతపని? యాభై అయినా కనిపిస్తాయి. సర్వే పూర్తయ్యేసరికి ఆ దిబ్బ జోలికి ఎవరూ రాకుండా కాగితమే గోడ కట్టేస్తుంది. పదకొండేళ్లుగా తను చేసిన పని ఒకచోట కుప్పగా ఉంది, ఇప్పుడు లోకానికి కనబడబోతోంది. ఆ వారమంతా ఆయన ఈల వేసుకుంటూ రేకులకు నంబర్లు దిద్దాడు.

మొదటి ఉదయం రెండు కనిపించాయి.

కొత్త రేకులు, ఇంకా అలవాటు పడలేదనుకున్నాడు. రెండో ఉదయం ఒక్కటీ లేదు. మబ్బు పట్టిందిగా అనుకున్నాడు. మూడో ఉదయం ఎండ కుదిరింది, గాలి లేదు, నలికిరికి ఇంతకన్నా మంచి పొద్దు ఉండదు. నలభై రేకులూ ఎత్తాడు. నాలుగు. మళ్లీ మొదటి రేకు నుంచి మొదలుపెట్టి రెండోసారి ఎత్తాడు. నాలుగే. ముప్పై ఒకటో రేకు కింద ఒక పిల్లి పడుకున్న గుంట, అందులో వెంట్రుకలు ఉన్నాయి.

ఏడో ఉదయం అయ్యేసరికి, కనిపించిన వాటినే మళ్లీ లెక్కపెట్టకుండా చూసుకుంటే అన్నీ కలిపి పదకొండు తేలాయి. ఏ ఒక్క ఉదయమూ నాలుగు దాటలేదు.

ఇంటికొచ్చి ఫోటోలు ముందేసుకున్నాడు. పదకొండు గొంతులు ఒక పక్క, నాలుగు వందల పన్నెండు గొంతులు ఇంకో పక్క. మూడు సాయంత్రాలు చుక్కకు చుక్క పోల్చాడు. పక్కగదిలో మనవరాలు దగ్గుతూనే ఉంది. ఆ గది గోడకు చెమ్మ. కూతురు పిల్లను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎన్ని కలిశాయి నాన్నా?"

"ఒకటి."

"మిగతావి?"

ఆయన ఫోటోలు దగ్గరికి పోగేశాడు. ఆ రాళ్లదిబ్బ ముప్పై నలభై నలికిరులకు సరిపోతుంది. ఇన్ని పురుగులు, ఇన్ని సందులు, ఇంత ఎండ. ముందే అక్కడ కాపురమున్నవాటి నెత్తిన తను ఏటేటా బకెట్లు గుమ్మరించాడు. కొన్ని ఆకలికి పోయి ఉంటాయి, కొన్ని పిల్లులకు, కొన్ని పాతచోటు వెతుక్కుంటూ రోడ్డు మీద. ప్రయోగశాలలో మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠమిది. ఆయనకు తెలియక కాదు. రూలు ప్రకారం ఇల్లు కట్టే చోటనే సర్వే చెయ్యాలి. ఆ దిబ్బ మీద ఎవరూ ఇల్లు కట్టలేదు గనక దాన్ని ఎవరూ సర్వే చెయ్యలేదు. అన్నిటినీ తీసుకెళ్లి పెట్టిన ఆ ఒక్కచోటనే ఆయన ఒక్క రేకూ పరవలేదు. పట్టినవెన్ని, విడిచినవెన్ని, చచ్చినవెన్ని అని కాగితంలో మూడు గళ్లుండేవి. విడిచిన రోజు సాయంత్రానికే అవి నింపి సంతకం పెట్టేసేవాడు.

"నిన్నొకటి అడగనా, కోప్పడకు" అంది కూతురు. "ఆ ఎనిమిదిళ్లలో ఏదో ఒకదానికి ఎండ పడే గది ఉంటుంది. ఇలాంటి పిల్ల ఒకత్తి దగ్గకుండా పడుకుంటుంది. దానికి నీ కాగితంలో గడి లేదా?"

"లేదమ్మా."

"పెట్టించు మరి" అని పిల్లను తడుతూ లోపలికి వెళ్లిపోయింది.

భార్య అంతసేపూ బట్టలు మడత పెడుతోంది. కూతురు వెళ్లాక గొంతు తగ్గించి, "ఏమండీ, ఇరవై రెండని రాసెయ్యండి" అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అలా చూస్తారేం? ఎత్తి చూడ్డానికి ఎవరొస్తారు? రేకులు మీవి, కళ్లు మీవి. మీకు ఆ చోటు కావాలి. ఇరవై రెండు."

తప్పుడు లెక్క అంటే మండిపడే మనిషి, ఆ పూట మండిపడలేదు. రెండు రోజులు ఆ అంకెను వెంటేసుకుని తిరిగాడు. రాసేస్తే దిబ్బ నిలుస్తుంది, పదకొండు బతుకుతాయి. కానీ అలా నిలిచిన ఆ దిబ్బను చూసి, బకెట్లో తెచ్చి విడిస్తే బతుకుతాయని అందరూ నమ్ముతారు. ఇంకో ఊళ్లో ఇంకో మాస్టారు ఇంకో దిబ్బ వెతుక్కుంటాడు. చివరికి నాలుగు అనే రాశాడు. దాని వెనక ఎవరూ అడగని పేజీ ఒకటి చేర్చాడు. నాలుగు వందల పన్నెండు విడిచాను, ఒకటి మిగిలింది, విడవడం వల్ల ఉపయోగం లేదు, అని.

ఆఫీసులో పాత విద్యార్థి ఆ పేజీని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవకుండా పక్కన పెట్టాడు.

"ఇది తీసేద్దాం మాస్టారూ."

"ఎందుకు బాబూ? అబద్ధమా?"

"నిజమే. అందుకే. ఆ తొమ్మిది చోట్లా ఇళ్లు లేచాయి, జనం కాపురాలుంటున్నారు. ఇప్పుడు ఈ మాట చెబితే ఎవరిని ఖాళీ చేయిస్తారు? నన్నూ మిమ్మల్నీ తప్ప?"

"ఇకముందైనా..."

"ఇకముందు మనం కాకపోతే ఇంకో ఆఫీసు చేస్తుంది. వాళ్లు రేకులు కూడా పరవరు. కారు దిగకుండా కిటికీలోంచి చూసి రాస్తారు." తర్వాత పాతరోజుల్లోలా నవ్వే ప్రయత్నం చేశాడు. "మీరే కదా చెప్పేవారు, ప్రయోగం తప్పయితే పేజీ చింపి మళ్లీ మొదలుపెట్టరా అని."

"చింపమని చెప్పలేదు. కొట్టేసి కింద రాయమన్నాను."

అతను సర్వే కాగితం ముందుకు లాక్కున్నాడు. ఆ పదకొండు నలికిరులకూ కొత్తచోటు చూడమన్నాడు. నీళ్ల ట్యాంకు వెనక పొదల పట్టీ ఉందిగా, అది సరిపోతుందన్నాడు.

"ముందు అక్కడ రేకులు పరిచి చూస్తాను. ఏడు ఉదయాలు."

"అక్కడెవరూ ఇల్లు కట్టడం లేదు కద మాస్టారూ" అన్నాడు అతను. వెటకారంగా కాదు, జాలిగానే. "సోమవారం యంత్రం వస్తోంది."

సోమవారం లోపు తొమ్మిదే దొరికాయి. రెండు ఎంత వెతికినా రాలేదు. ఆదివారం పొద్దున బకెట్ పట్టుకుని ట్యాంకు వెనక్కి వెళ్లాడు. అది అరెకరం కూడా లేదు, ఒక పక్క రోడ్డు. బకెట్ వంచితే ఎనిమిది పొదల్లోకి జారిపోయాయి. తొమ్మిదోది కదల్లేదు. ఫోటోల్లో కలిసిన ఒక్కటీ అదే, తోక తెగి మళ్లీ మొలిచిన ముసలిది. కాసేపు ఎండలో గొంతు ఎగరేస్తూ కూర్చుని, తర్వాత తీరిగ్గా రోడ్డు వైపు నడిచింది.

ఆయన వెళ్లి పట్టుకుని పొదల్లో వదిలాడు. అది మళ్లీ బయటికొచ్చింది. ఈసారి ఇంకా లోపలికి, రాళ్ల సందులో వదిలాడు. పావుగంటకు అదే అంచున, అదే వైపు తల పెట్టుకుని కనిపించింది. బట్టీ అటువైపే. దానికి ముందు కాపురమున్న చోటు, ఇప్పుడు ఆరిళ్లున్న చోటు, అది కూడా అటే.

కారొకటి పోయింది. ఇంకొకటి పోయింది. ఆయన రోడ్డుకీ దానికీ మధ్య నేల మీద చతికిలబడ్డాడు. అది ఆయన బూటు దాకా వచ్చి ఆగింది. ఎండ ముదిరేదాకా అలాగే కూర్చున్నాడు. జేబులో ఫోన్ రెండుసార్లు మోగింది. కొత్త స్థలం, ఆరిళ్లు, రేకులు పరవడానికి ఎప్పుడొస్తారని అడగడానికే అయ్యుంటుంది. మూడోసారి మోగినప్పుడు ఎత్తి, "వస్తున్నా" అన్నాడు. మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. ఆయన కాలు తీసిన ఖాళీలోంచి నలికిరి తారు రోడ్డెక్కింది.