వదిన పురి విప్పిన తాడు

మా వదిన పోయింది. మంగళవారం పొద్దున్న మా అన్న కూతురు ఫోన్ చేసి, "చిన్నాన్నా, అమ్మ లెగనేదు" అంది. పొయ్యి మీద టీ అలాగే దించేసి వెళ్లాను. వీధి చివరే ఇల్లు.

మాది శ్రీకాకుళం వైపు. నేను కలకత్తాలో వెదురు పరంజాలు కట్టే మేస్త్రిని. నా అంత నిటారుగా కట్టినవాడు న్యూ టౌన్‌లో లేడని ఇప్పటికీ అంటాను. అన్న పోయాక వదిన తట్టలు మోసే పనిలోకి వచ్చి, పన్నెండుమంది ఆడవాళ్ల జట్టుకి పెద్ద అయింది. ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేది. సైటులో మాత్రం 'మేస్త్రీ' అనేది. అందులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో నాకు తేలలేదు.

సైటుకి రాగానే తల పైకెత్తి ఒక చుట్టు తిరిగేది. క్రేను బరువు ఎత్తుతుంటే కింద నిలబడ్డవాణ్ని, "ఏటి బాబూ, ఫొటో తీయించుకుంతన్నావా? తప్పుకో" అనేది. బెల్టు కొక్కెం వెదురుకి తగిలించినవాణ్ని చూస్తే, "ఆ ఎదురు కూలితే నీతోపాటే వస్తాది. పిల్లరుకి తగిలించు" అని కేకేసేది.

మా పనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్త పరంజాకి మేస్త్రి కొబ్బరికాయ కొట్టాక ఇంక దాన్ని ఎవరూ అనుమానించకూడదు. అనుమానిస్తే మేస్త్రి చేతిని అవమానించినట్టే. ఒక ఏడాది వానలు వెలిశాక ఏడంతస్తుల గోడకి పరంజా కట్టాను. తాళ్లు పాత సైటువే. పైకి గట్టిగానే ఉన్నాయి. కాయ కొట్టి బెల్లం పంచాను. వదిన బెల్లం కళ్లకద్దుకుని తింది. తిని, కింద పడున్న తాడు ముక్క తీసి పురి విప్పింది. లోపల నార నల్లగా ఉంది. గోటితో గీస్తే పొడి రాలింది.

"మేస్త్రీ, ఇది తాడా, నశ్యమా?"

ఆడవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "కాయ కొట్టేశాను. నోరు ముయ్యి" అన్నాను అందరి ముందూ.

"కాయ దేవుడికి కొట్టినావు. ఎక్కేది మేం. దేవుడు తట్ట మొయ్యడు కదా" అని నేల మీద కూర్చుంది. పన్నెండుమందీ కూర్చున్నారు.

"దీదీ, కాజ్ బంధ్ కేనో?" పనెందుకు ఆగిందని సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వదిన నిజం చెబితే నా పని పోయేది.

"మేస్త్రి తాళ్లు మారుస్తాడట దాదా. ఆ పాతవి ఆయనకే నచ్చనేదు" అంది, నా వైపు చూడకుండా.

తాళ్లు మార్చడానికి తిట్టుకుంటూనే పైకెక్కాను. ఐదో వరసలో కత్తి పెట్టకముందే కట్టు నా చేతిలో పుటుక్కున తెగింది. కాళ్ల కింద పలక ఒక పక్కకి వాలింది. కొక్కెం పిల్లరుకి ఉంది కాబట్టి నేను నిలిచాను. కిందికి చూస్తే ఆడవాళ్ల తలలు కనిపించాయి. వాళ్లు నేల మీద కూర్చోకపోతే ఈపాటికి ఆ తలలన్నీ ఈ పలక మీద ఉండేవి.

దిగి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం వదిన చేపల పులుసు పంపితే వెనక్కి పంపేశాను. ఆ తర్వాత ప్రతి తాడూ పురి విప్పి చూసే కట్టాను, ఆమె అటు తిరిగినప్పుడు. ఆమెకి తెలుసు. ఎన్నడూ అనలేదు. "నువ్వే సరిగా చూశావు వదినా" అని నేనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఆ జట్టు ఆడవాళ్లు సైటు నుంచి నేరుగా వచ్చారు. పన్నెండుమందీ వచ్చారు. కాళ్లకి అంటిన సిమెంటు కూడా కడుక్కోలేదు. నెత్తి మీద పసుపు హెల్మెట్లు ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక్కొక్కరూ తీశారు. ఎక్కడ పెట్టాలో తెలియక, బిందె పట్టుకున్నట్టు కడుపుకి ఆనించుకుని, వదిన చుట్టూ నిలబడ్డారు.