వంకర కోత

ఆవిడకు ముక్కు మీదే కోపం. ఉండదా మరి? పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రి వెనక ల్యాబులో, మైనం దిమ్మెల్లో బిగించిన రక్తనాళాలను వెంట్రుకకన్నా పల్చగా కోసి గాజు పలకల మీదికి ఎక్కిస్తోంది. నాళానికి సరిగ్గా అడ్డంగా కోత పడితే ఉంగరంలా గుండ్రంగా వస్తుంది. కాస్త ఏటవాలుగా పడిందా, సన్నటి గోడ కూడా లావుగా కనబడి చూసేవాళ్లను మోసం చేస్తుంది.

పెద్ద డాక్టరుగారు ఎలుకల ధమనుల్ని లోపల గీకి, గ్రోత్ ఫ్యాక్టర్ అనే మందు ఎక్కించాడు. కణాలను పెరగమని తొందరపెట్టే పదార్థమది. గీకిన చోట లోపలి పొర గబగబా పరుచుకుంటుందని ఆయన ఆశ. పరుచుకుంది కూడా. అయితే ఆ మందు అంతటితో ఊరుకోలేదు. కింద ఉన్న కండర కణాలనూ రెచ్చగొట్టింది. అవి లోపలికి పెరిగి రక్తం పోయే దారిని సగానికి పైగా మూసేశాయి.

"నీ కోత వంకరగా ఉందమ్మా," అన్నాడాయన, సూక్ష్మదర్శినిలోంచి తలెత్తకుండానే.

"వంకరైతే కోడిగుడ్డులా సాగేది కదా సార్. గుండ్రంగానే ఉంది చూడండి."

"మళ్లీ కొయ్యి."

మళ్లీ కోసింది. ఆ వారంలో నాలుగుసార్లు కోసింది. దిమ్మె అరిగిపోయింది, ఆవిడ ఓపికా అరిగిపోయింది, దారి మాత్రం మూసుకునే ఉంది. చివరికి ఆయన్ను పక్కన నిలబెట్టుకుని మరీ కోసింది.

"ఎలుక వేరు, మనిషి వేరు," అంటూ ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల చేతిపనికి దక్కిన విలువ ఇదా! అంతకన్నా పెద్ద బాధ మరొకటి ఉంది. బస్సు డ్రైవరైన అన్నయ్యకు తొడలో ధమని పూడుకుపోతే ఈ ఆసుపత్రిలోనే బెలూనుతో తెరిచారు. అలా తెరిచినప్పుడూ లోపలి పొర గీసుకుపోతుంది. ఈ మందు ముందుగా ఇచ్చి చూసే మనుషుల జాబితాలో అన్నయ్య పేరుందని పొద్దున నర్సు చెప్పింది. డాక్టరు అటు వెళ్లగానే ఆవిడ అన్నయ్యకు ఫోన్ చేసింది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టకు అన్నయ్యా."

"ఎప్పుడో పెట్టేశానే! నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు."

"నన్నొక్క మాట అడగొద్దూ?"

"అడిగేదేముందే పిచ్చిదానా? ఆ నాళాలు కోసేది నువ్వేనటగా. మా చెల్లి చేతిలో వంకర ఉండదని చెప్పి మరీ పెట్టా."



"వంకర లేదు అన్నయ్యా," అందావిడ. "అందుకే వద్దంటున్నా."