మా కిటికీకి మాస్టారు కట్టిన కాగితం

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండి! బొమ్మల సినిమాలు తీసే కంపెనీ వాళ్ళు ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. ఇంట్లో కూర్చుని చేసుకునే పనే. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఈ మాట చెప్పడానికి పరుగులాంటి నడకతో సగం మెట్లు దిగాను. అప్పుడు గుర్తొచ్చింది, మా కింది వాటా మాస్టారు పోయిన శుక్రవారమే చనిపోయారని. అక్కడి నుంచే వెనక్కి తిరిగి పైకి వచ్చేశాను.

మాస్టారి కోసం చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికలో పంచడానికి ఆయన జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్నూ నాలుగు మాటలు రాయమని వారి భార్య టీచరమ్మగారు అడిగారు. నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆటోనగర్‌లో లారీల రేడియేటర్లు బాగుచేస్తూ బతికాను. తప్పులుంటే దిద్దుకోండి. మంచి మాటలే రాస్తాను, ఆయన గురించి రాయడానికి మంచి తప్ప ఏముందని? కానీ ముందే చెబుతున్నాను, నాకు ఆయన మీద చెప్పలేనంత కోపంగా ఉంది. ఆయన నన్ను మోసం చేశారు. ఎలాగో అదీ రాస్తాను.

మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పటమటలో ఒకే ఇంట్లో కింద వాళ్ళు, పైన మేము. నేను పని మానేశాక కూడా నన్ను ‘మేస్త్రీ గారూ’ అని పిలిచింది ఆయనొక్కరే. ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో నీళ్ళు చల్లించి, ఆ తడి మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా అమ్మాయి ఆయన్ని పెదనాన్నగారూ అనేది.

ఆ అమ్మాయి విడి భాగాలు ఒక్కొక్కటే తెచ్చుకుని, తనే బిగించుకుని కంప్యూటర్ తయారు చేసుకుంది. నా రక్తమే కదా, స్క్రూడ్రైవరు చేతికొస్తే వదలదు. అందరూ సీపీయూ అంటారే, ఆ పెట్టె మా పై గదిలో ఉంటుంది. పైన శ్లాబు, దాని పైన విజయవాడ ఎండ. మే నెలలో ఆ గదిలో మనిషే నిలవలేడు.

ఉద్యోగం ఇవ్వాలంటే పరీక్షగా ఒక చిన్న బొమ్మల సినిమా చేసి, తాము చెప్పిన తేదీలోగా పంపమన్నారు కంపెనీ వాళ్ళు. చెరకు తోట మీద వాన కురుస్తుంటే ఒక ముసలమ్మ గొడుగు కోసం వెతుక్కోవడం, అదీ కథ. గీసిన బొమ్మలన్నీ కలిపి సినిమాగా కూర్చడానికి ఆ పెట్టె పగలూ రాత్రీ ఆగకుండా నడవాలట. మాది కాసేపు నడిచేది, లోపల వేడెక్కేది, దానంతట అదే ఆరిపోయేది. అమ్మాయి మొదటికి వచ్చేది. గడువు దగ్గర పడుతోంది. పిల్ల అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలకడం చూసి మాస్టారి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన చిన్న పెయింట్ బ్రష్షు పట్టుకుని పైకి వచ్చారు. పెట్టె పక్క రేకు తీసి చూస్తే ఫ్యాను రెక్కలకి నల్లటి జిడ్డు, అందులో ఎర్రటి పొడి. అది నా నిర్వాకమే. ఆయుధ పూజ నాడు మా ఆటోనగర్‌లో బెంచీ నుంచి సుత్తి దాకా అన్నిటికీ పూజ చేస్తాం. పనిముట్టు ఏదైనా పనిముట్టే కదా అని, నడుస్తున్న సీపీయూకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, సాంబ్రాణి ధూపం పట్టించాను. పొగంతా అది లోపలికి పీల్చుకుంటుంటే అమ్మవారు స్వీకరించిందని తెగ సంతోషపడ్డాను.

“మేస్త్రీ గారూ, బొట్టు పెట్టారు సరే, దాని ముక్కులోకెందుకు పోశారండీ?” అన్నారు మాస్టారు. ఎన్నో రోజుల తర్వాత అమ్మాయి ఆ మాటకి నవ్వింది. ఆయన పూజని ఎన్నడూ ఎగతాళి చేయలేదు. వచ్చే దసరాకి స్విచ్చి ఆపి, రేకు మూసి చేసుకోమన్నారు, అంతే. ఓపిగ్గా బ్రష్షుతో ఒక్కో రెక్కా తుడిచారు.

ఆ పెట్టె గుండెకాయ మీద ఒక తెల్లటి పేస్టు పూయాలి. వేడిని అది పైనున్న ఫ్యానుకి అందిస్తుందట. గ్రీజు ఎంత పూస్తే బండికి అంత మంచిదని బతికినవాణ్ణి, దోసె మీద వెన్నలాగా దట్టించాను. అదంతా ఆయన గుడ్డతో తుడిచేసి, మధ్యలో బియ్యపు గింజంత పెట్టి బిగించారు. ఇక ఫ్యాన్లు. చల్లగాలి బాగా తగలాలని నేను అన్నిటినీ లోపలికే తోలేట్టు పెట్టాను.

“అన్నీ లోపలికే తోలితే లోపలున్న వేడి ఎటు పోతుందండీ? వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలి. దాచుకున్న పెట్టె ఆగిపోతుంది” అన్నారు ఆయన.

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

వెనక ఫ్యాను తిప్పి బిగించాం. గోడకి ఆనించిన పెట్టెని ఇవతలికి జరిపాం. కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, పెట్టె వీపు అటు తిప్పాం. ఆ తర్వాత రోజూ ఆయన పైకి వచ్చి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు పెట్టె వెనక అరచెయ్యి పెట్టి చూసేవారు. ‘ఫరవాలేదు, ఊపిరి బాగానే ఉంది’ అనేవారు.

ఒకరోజు గాలిపటాల కాగితం ఎర్రది, బెత్తెడు వెడల్పు చీలిక తెచ్చి, కిటికీ ఊచకి బయటవైపు కట్టారు. కట్టి, మంచం మీద చాలాసేపు కూర్చున్నారు.

“ఇది ఎగురుతోందంటే వేడి బయటికి పోతున్నట్టు. నేను కింద కుర్చీలోంచే చూసుకుంటానండీ. మీరు కునుకు తీసినా నేను కాపలా ఉంటాను” అన్నారు.

ఎంత తెలివండీ మాస్టారిది అని వీధంతా చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన పైకి రాలేదు. కాగితం ఉండగా మెట్లెక్కాల్సిన పనేముంది అనుకున్నాను. ఒక మధ్యాహ్నం నేను నిజంగానే కునుకు తీస్తుంటే కింది నుంచి కేక వినపడింది, కాగితం వాలిపోయిందని. లేచి చూస్తే ఎగ్జాస్ట్ ఫ్యాను వైరు ఊడిపోయి ఉంది. పెట్టె కాలిపోతోంది. వైరు కలిపాను, కాగితం లేచింది, సినిమా ఆగలేదు. ఆ ఎండలో ఆయన నీడకి కూడా పోకుండా వాకిట్లో కూర్చుని చూస్తున్నారన్నమాట.

కొన్నాళ్ళకి గన్నవరంలో కొడుకు దగ్గర ఉండి వస్తానని సంచీ సర్దుకుని ఆటో ఎక్కారు. సినిమా పూర్తయి, గడువులోగా పంపించిన రోజు ఫోన్ చేస్తే హమ్మయ్య అన్నారు. గొంతు పీలగా ఉందేమండీ అని అడిగాను. ఫ్యాను కింద కూర్చున్నానండీ, ఆ శబ్దం అన్నారు. అది ఆసుపత్రి మంచమట. శుక్రవారం మళ్ళీ అదే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది కొడుకు.

సమాధి దగ్గర మట్టి వేసి వచ్చాక టీచరమ్మగారు చెప్పారు. ఆయన గుండె చాలాకాలంగా బాగాలేదట. మెట్లు ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. టీచరమ్మగారికి తెలుసు, కొడుక్కి తెలుసు. సరే, ఇంటివాళ్ళు. మా అమ్మాయికీ తెలుసు! ఆయన సగం మెట్ల మీద కమ్మీ పట్టుకుని ఆయాసపడుతుంటే చూసిందట. నాన్నకి చెప్పనని ఆయన దాని దగ్గర మాట తీసుకున్నారట. తెలియనిది నాకొక్కడికే. రోజూ పక్కన కూర్చుని టీ తాగిన నాకు.

“నీకు చెబితే సీపీయూ ఆపేసి ఆయన్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పేవాడివి నాన్నా. ఆయనకి అదే వద్దు” అంది అమ్మాయి.

ఆపేసేవాణ్ణే. ఆపకూడదా? ఉద్యోగం ఇది కాకపోతే ఇంకోటి వచ్చేది. మాస్టారు ఇంకొకరు వస్తారా? ఆ రోజంతా దానితో మాట్లాడలేదు. ఆయన ప్రభువు సన్నిధిలో ఉన్నారని టీచరమ్మగారు అంటారు. ఉండనివ్వండి. నాకు ఒక్క మాట చెప్పి వెళ్ళాల్సింది. వేసవంతా నాకు గాలి పాఠం చెప్పిన మనిషి, పోయే దారి ఉండాలన్న మనిషి, తన లోపలిది నా దగ్గర మాత్రం మూసి పెట్టుకున్నారు. ఇది మోసం కాకపోతే ఏమిటో మీరే చెప్పండి. అయినా ఇవాళ ఇంట్లో ఇంత సంతోషం ఉందంటే అది ఆయన చేత్తో పెట్టిందే. అదీ నా బాధ. తిట్టుకోవడానికీ లేదు, తిట్టకుండా ఉండడానికీ లేదు.

ఇక కబురు చెప్పాల్సిన వాళ్ళున్నారు. ఉయ్యూరులో మా అక్కకి. ఆవిడకి కాస్త గట్టిగా చెప్పాలి, వినపడదు. గుడివాడ బావమరిదికి. మొదట తనకి చెప్పలేదని అలుగుతాడు, కాబట్టి మొదట నీకే చెప్పానని చెప్పాలి. తెనాలి పిన్నికి. మచిలీపట్నంలో మా తమ్ముడికి, వాడి పిల్లలకి. గన్నవరంలో మాస్టారి అబ్బాయికి. అతనూ మాకు చుట్టమే ఇప్పుడు. కింద టీచరమ్మగారికి నేనే దిగి వెళ్ళి, స్వీటు చేతిలో పెట్టి చెప్పాలి.

మాస్టారికి మాత్రం నేను చెప్పను. ఆయన నాకు చెప్పారా? కిటికీకి ఆ ఎర్ర కాగితం ఎగురుతూనే ఉంది. చూసుకోమనండి.