గీత దాకా

మా ట్రక్కులు హనుమాన్ జంక్షన్ దాటేసరికి ఉదయం 6:40. విజయవాడ శివారు చేరాక రోడ్డు కనిపించలేదు. మిగిలిన దూరం రబ్బరు పడవలో, 25 నిమిషాలు. వాన ఆగింది, నీళ్లు తగ్గలేదు. పదిహేడేళ్ల ఆర్మీ సర్వీసులో మంచులో చేశాను, ఇసుకలో చేశాను. కూచిపూడి పక్క పల్లెలో పుట్టినవాణ్ణి, ఆఖరి డ్యూటీ సొంత జిల్లాలో పడింది.

మా మకాం ఒక స్కూలు పై అంతస్తు. కింద నాలుగున్నర అడుగుల నీరు. పైన గదులు ఆరు, మనుషులు 212. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని, హోదా హవల్దారు. నాతో రేడియో ఆపరేటరు, పడవ నడిపే జవాను. మా డాక్టరు కెప్టెన్ మేడమ్. నాలుగు శిబిరాలకు ఆవిడ ఒక్కరే. రోజుకోసారి పడవలో వచ్చేవారు, మిగతా వేళల్లో రేడియోలో దొరికేవారు. నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం బ్యారక్‌లో పాత పుస్తకాలు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. రేడియో ఆపరేటరు నన్ను "మాస్టర్‌జీ" అని ఏడిపించేవాడు.

మొదటి రోజు సాయంత్రం ఒక పెద్దావిడ మనవరాలిని ఎత్తుకొచ్చింది. పాప పేరు సనా, రెండేళ్లు. తల్లి కాన్పు కోసం మచిలీపట్నంలో ఉంది. తండ్రి చూడటానికి వెళ్లి, దారులు మునిగి అక్కడే చిక్కుకున్నాడు. పాప బాధ్యతంతా నానమ్మదే. జ్వరం 102. ఊపిరి ఒక నిండు నిమిషం లెక్కపెట్టాను: 54. ఆ వయసుకు 40 దాటకూడదు. పిల్లల త్రాసు లేదు. రేషన్ షాపు నుంచి తెచ్చిన కాటా మీద ఇద్దరినీ నిలబెట్టాను: 68.6. పెద్దావిడ ఒక్కర్తే: 58.4. పాప 10.2 కిలోలు.

కెప్టెన్ మేడమ్ పరీక్షించి న్యుమోనియా అన్నారు. "ఇంతకుముందు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చాయా?" అని అడిగారు. రాలేదంది. ఆ బరువుకు లెక్కగట్టి చీటీ రాశారు: పూటకు 8 మిల్లీలీటర్లు, ఉదయం 6, సాయంత్రం 6, ఐదు రోజులు.

ఆ యాంటీబయాటిక్ సీసాలో పొడిగా వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు లేబుల్ మీది గీత దాకా పోసి కలిపితే 60 మిల్లీలీటర్లు అవుతుంది. బయట వరసలో ఇంకా 43 మంది ఉన్నారు. పొడి సీసా, నీళ్ల బాటిల్, కొలిచే సిరంజి పెద్దావిడ చేతిలో పెట్టాను.

"గీత దాకా నీళ్లు పోయాలమ్మా. అర్థమైందా?"

"అర్థమైంది బాబూ."

మర్నాడు 11 గంటలకు గదుల రౌండుకు వెళ్లాను. పాప మూడుసార్లు వాంతి చేసుకుంది, రెండు విరేచనాలు. ఒంటి మీద దద్దుర్లు లేవు. ఊపిరి 50.

"ఈ మందు మా పిల్లకి పడలేదు బాబూ. ఆపేశాను," అంది పెద్దావిడ. సీసా కిటికీలో పెట్టేసింది.

తీసి చూశాను. రెండు పూటలకు పోయింది 16. ఉండాల్సింది 44. ఉన్నది 14. తేడా 30, సరిగ్గా సీసాలో సగం. ఒలికితే లెక్క అంత గుండ్రంగా రాదు.

"నీళ్లు ఎంత పోశారమ్మా?"

"సగమే. కషాయం ఎలా కాస్తారు? సగానికి మరిగితేనే కదా సారం. పల్చటి మందు ఎందుకు పనికొస్తుంది?"

పాప కడుపులోకి రెండు పూటలూ రెట్టింపు మందు వెళ్లింది. ఇప్పుడు భయపడి పూర్తిగా మానేస్తే న్యుమోనియా తిరగబడుతుంది. ఆసుపత్రికి వెళ్లాలంటే పడవ, ఆపైన ఏ రోడ్డు తెరిచి ఉంటే అది.

రేడియో అందుకున్నాను. మాట్లాడింది హిందీలో, తెలుగులో రాస్తున్నాను.

"రెండు డోసులు రెట్టింపు వెళ్లాయి మేడమ్. వాంతులు, విరేచనాలు. దద్దుర్లు లేవు. ఊపిరి 50. ఓవర్."

"నీళ్లు తాగుతోందా? ఓవర్."

"తాగుతోంది. ఓవర్."

"ఓఆర్ఎస్ పట్టించు. ఆ సీసా పారబొయ్యి. సాయంత్రం నుంచి కొత్త సీసా, సరిగ్గా 8. తాగలేకపోయినా, ఊపిరికి డొక్కలు లోపలికి లాక్కుపోయినా వెంటనే పడవ ఎక్కించు. మందు ఆపొద్దు. ఓవర్."

పెద్దావిడ దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాను. "తప్పు నాదమ్మా. పొడి మీ చేతికిచ్చి పంపాను."

"నలభై ఏళ్లు మందులు కాచానయ్యా. నీళ్లు పోయడం నువ్వు నేర్పిస్తావా?"

"కషాయంలో సారం ఎంతుందో ఎవరికీ తెలీదు కదండీ. దీంట్లో ముందే కొలిచి పెట్టారు. నీళ్లు తగ్గితే పాపకి రెండింతలు పడుతుంది. ఎక్కువైతే రోగం మిగిలిపోతుంది."

ఆవిడ పాపను ఒడిలోకి సర్దుకుంది. తర్వాత, "సరే పొయ్యి. నేను చూస్తా," అంది. కొత్త సీసాలో గీతకు కాస్త కిందిదాకా నీళ్లు పోసి మూతపెట్టి కుదిపాను. నురగ తగ్గాక గీత దాకా నింపాను. పూట పూటకూ మందు ఎక్కడికి దిగాలో సీసా మీద పెన్నుతో గుర్తులు పెట్టాను. ఆ రోజు నుంచి ఆ శిబిరంలో పొడి సీసా ఎవరి చేతికీ ఇవ్వలేదు. కలిపి, చూపించి, వాళ్లతో ఒకసారి సిరంజిలోకి లాగించి పంపాను. వరస పొడుగైంది. పొడుగైతే అవనీ అన్నాను.

ఊపిరి మూడో రోజు 42. నాలుగో రోజు 34. జ్వరం లేదు. పాప నా స్టెతస్కోపు నోట్లో పెట్టుకుంది.

"తగ్గింది కదా, ఇంక ఆపెయ్యనా?" అంది పెద్దావిడ. "పక్క గదిలో పిల్లాడికి దగ్గుట. మిగిలింది వాడికిద్దాం."

"ఆపొద్దు, పంచొద్దు. వాణ్ణి నా దగ్గరికి పంపండి."

"అబ్బో, నువ్వు మా అత్తగారి కంటే గట్టివాడివి!"

కొత్త సీసా మొదలుపెట్టినప్పుడు మిగిలిన పూటలు ఎనిమిది, కావలసింది 64. సీసాలో 60. ఏడు పూటలకు 56 పోగా ఆఖరి పూటకు నాలుగే మిగిలాయి. ఇంకో నాలుగు కోసం కొత్త సీసా విప్పాలి. రేడియో ఆపరేటరు నవ్వాడు: "నాలుగు చుక్కల కోసమా మాస్టర్‌జీ?" అవునన్నాను.

ఆరో రోజు ఉదయం 6 గంటలకు ఆ పొడి సీసా ఆవిడ చేతికే ఇచ్చి, ఈసారి మీరే కలపండి అన్నాను. పాప ఊపిరి 30. మాకు కదలమని ఉత్తర్వు వచ్చేసింది, పడవ ఇంజన్ కింద మోగుతోంది. ఆవిడ కలిపేలోపు నేను దిగాల్సి వచ్చింది.

ఇప్పుడు రిటైరై విజయవాడ పటమటలో ఉంటున్నాను. సరిహద్దు కబుర్లు చెప్పమని అడుగుతారు. మంచు గురించి చెబుతాను. నా కళ్ల ముందు కదిలేది మాత్రం వేరు. పడవ మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. పై అంతస్తు కిటికీలో ఆవిడ, చంకలో పాప. పాప చెయ్యి ఊపుతోంది. ఆవిడ మా వైపు చూడటం లేదు. సీసా వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, గీత చూస్తోంది.